మతబడికి సర్కారు సొమ్ము: అమెరికా తీర్పులు ఎటు మళ్లాయి

అమెరికాకు ఈశాన్య కొసన ఉన్న మెయిన్ రాష్ట్రంలో ఊళ్లు చిన్నవి, ఒకదానికొకటి దూరం. అక్కడ 260 దాకా ఉన్న స్కూలు పాలనా విభాగాల్లో సగానికి పైగా వాటికి సొంత హైస్కూలే లేదు. అలాంటి చోట్ల పిల్లల్ని పక్క ఊరి సర్కారు బడికి పంపినా, గుర్తింపు ఉన్న ప్రైవేటు బడికి పంపినా ఫీజు ప్రభుత్వమే కడుతుంది. 1981 నుంచి దీనికి ఒక షరతు ఉండేది: ఆ ప్రైవేటు బడి మతబోధ చేసేది కాకూడదు. 2022 జూన్ 21న అమెరికా సుప్రీంకోర్టు కార్సన్ వర్సెస్ మేకిన్ కేసులో 6-3 మెజారిటీతో ఆ షరతును కొట్టేసింది. ప్రైవేటు బళ్లకు ఫీజు కట్టాలా వద్దా అన్నది రాష్ట్రం ఇష్టం, కడుతున్నప్పుడు మాత్రం మతబడి అనే కారణంతో ఒకదాన్ని పక్కన పెడితే అది మతస్వేచ్ఛను అడ్డుకోవడమే అని చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ తీర్పు రాశారు.

దానికి 75 ఏళ్ల ముందు, 1947లో, ఇదే కోర్టు ముందుకొచ్చిన ప్రశ్న దీనికి పూర్తిగా ఎదురు. న్యూజెర్సీలోని ఈవింగ్ టౌన్‌షిప్‌లో కేథలిక్ బళ్లకు వెళ్లే పిల్లల బస్సు చార్జీలను స్కూలు బోర్డు తల్లిదండ్రులకు తిరిగి ఇచ్చేది. అంతా కలిపి కొద్ది వందల డాలర్ల వ్యవహారం. ఆర్చ్ ఎవర్సన్ అనే పన్ను చెల్లింపుదారు అది చెల్లదంటూ కోర్టుకెక్కాడు. తీర్పు 5-4గా చీలింది. చర్చికీ రాజ్యానికీ మధ్య గోడ ఎత్తుగా, అభేద్యంగా ఉండాలని జస్టిస్ హ్యూగో బ్లాక్ రాశారు. అదే తీర్పులో, బస్సు చార్జీల వల్ల ఆ గోడకు బీట పడలేదని కూడా తేల్చారు. వీధిలో పోలీసు కాపలా, మంటలార్పే ఫైరింజన్ చర్చి బడికి కూడా ఉంటాయి కదా, బస్సూ అలాంటిదే అన్నది ఆయన తర్కం. మిగిలిన నలుగురు జడ్జీలు ఆ పాటి సాయం కూడా కుదరదన్నారు.

అప్పట్లో తగవు ‘ఇవ్వొచ్చా’ అన్నదాని మీద. ఇప్పుడది ‘ఇవ్వకుండా ఉండొచ్చా’ దాకా వచ్చింది. రెంటికీ ఆధారం 1791 నాటి మొదటి రాజ్యాంగ సవరణలోని ఒకే వాక్యం. ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికంగా నెలకొల్పకూడదని దాని మొదటి సగం చెబుతుంది. ఎవరి మతాచరణకూ అడ్డు రాకూడదని రెండో సగం చెబుతుంది. ఎవర్సన్ కేసు నాటి జడ్జీలు మొదటి సగం వైపు నుంచి చూస్తే, ఇప్పటివాళ్లు రెండో సగం వైపు నుంచి చూస్తున్నారు. ఏ సగం గొప్పదన్న చర్చ దశాబ్దాలుగా నడుస్తూనే ఉంది. ఆ చర్చ హోరులో అంతకన్నా పెద్ద సంగతి మరుగున పడిపోతోంది. ప్రజల డబ్బు పుచ్చుకున్న బడి, ఆ ప్రజల్లో ఎవరి పిల్లల్ని గేటు దగ్గరే ఆపేయొచ్చు?

ముందు ఆ గోడ ఎవరు కట్టారో చూడాలి. 1784లో వర్జీనియా శాసనసభలో పాట్రిక్ హెన్రీ ఒక బిల్లును ముందుకు తెచ్చాడు. క్రైస్తవ బోధకుల పోషణకు ఒక పన్ను వేయాలన్నది దాని సారాంశం. తన పన్ను ఏ శాఖ చర్చికి వెళ్లాలో చెప్పుకునే వీలు చెల్లింపుదారుకే ఉంది. ఎవరికీ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ సొమ్ము విద్యకు పోతుంది. ఆ రోజుల లెక్కన చాలా ఉదారమైన ఏర్పాటే. అయినా, తర్వాత మొదటి సవరణ ముసాయిదా రాసిన జేమ్స్ మాడిసన్ ఒప్పుకోలేదు. ఒక మతాన్ని నిలబెట్టడానికి పౌరుడి దగ్గర మూడు పెన్నీలు బలవంతంగా తీసుకోగలిగిన ప్రభుత్వం రేపు ఏ విషయంలోనైనా బలవంతం చేయగలదని 1785లో ఒక విన్నపం రాశాడు. బిల్లు వీగిపోయింది. మరుసటి ఏడాది జెఫర్సన్ రాసిన మతస్వేచ్ఛ చట్టం వచ్చింది. జెఫర్సన్ అధ్యక్షుడయ్యాక 1802లో డాన్‌బరీ బాప్టిస్టులకు రాసిన లేఖలోనే ‘గోడ’ అన్న మాట కనిపిస్తుంది. హెన్రీ బిల్లులో ‘ఎంపిక పౌరుడిదే’ అన్న వెసులుబాటు ఉన్నదన్న సంగతి గుర్తుపెట్టుకోదగ్గది. రెండు శతాబ్దాల తర్వాత అదే మాట కొత్త వేషంలో కోర్టుకు వచ్చింది.

గోడకు మరో చరిత్ర కూడా ఉంది, అది అంత గర్వించదగ్గది కాదు. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా పబ్లిక్ స్కూలు, అంటే సర్కారు బడి, పేరుకే అందరిదీ. రోజూ చదివించేది ప్రొటెస్టెంట్లు వాడే కింగ్ జేమ్స్ బైబిల్. ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్ కుటుంబాలకు అది తమ బైబిల్ కాదు. మా పిల్లలకు మా బైబిల్ చదువుకునే వీలివ్వండని ఫిలడెల్ఫియా బిషప్ ఫ్రాన్సిస్ కెన్రిక్ అడిగితే, ఆ వివాదం చిలికి చిలికి గాలివానై 1844లో అల్లర్లుగా మారింది. మనుషులు చచ్చిపోయారు, కేథలిక్ చర్చిలు తగలబడ్డాయి. కేథలిక్కులు సొంత బళ్లు పెట్టుకుని, పన్నుల్లో మా వాటా మాకివ్వండని అడగడం మొదలెట్టారు. దాన్ని ఆపడానికి 1875లో జేమ్స్ బ్లెయిన్ అనే నాయకుడు, అతనూ మెయిన్ రాష్ట్రం వాడే, ఒక రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. అది ప్రతినిధుల సభలో 180-7తో గట్టెక్కినా సెనేట్‌లో మూడింట రెండొంతుల బలం రాక ఆగిపోయింది. కానీ ముప్పైకి పైగా రాష్ట్రాలు తమ రాజ్యాంగాల్లో అలాంటి నిషేధాన్నే రాసుకున్నాయి. ‘మతబడికి పైసా ఇవ్వం’ అన్న మాట వెనక కొన్నిచోట్ల మాడిసన్ ఉన్నాడు, కొన్నిచోట్ల కేథలిక్కుల మీద ద్వేషం ఉంది. నేటి జడ్జీలు ఆ ద్వేషాన్ని ఎత్తిచూపినప్పుడు వాళ్లు చెప్పేది అబద్ధం కాదు.

1971లో లెమన్ వర్సెస్ కర్ట్జ్‌మన్ తీర్పు వచ్చింది. పెన్సిల్వేనియా, రోడ్ ఐలండ్ రాష్ట్రాలు మతబళ్లలో లౌకిక పాఠాలు చెప్పే టీచర్ల జీతాలకు సాయం చేస్తుంటే కోర్టు ఆపింది. ప్రభుత్వ సాయానికి లౌకిక ప్రయోజనం ఉండాలి, దాని ప్రధాన ఫలితం మతానికి ఊతమివ్వకూడదు, ప్రభుత్వమూ చర్చీ అతిగా పెనవేసుకోకూడదు అని మూడు పరీక్షలు పెట్టింది. సూత్రంగా చూస్తే మంచిదే. అమలులో మాత్రం అర్థం లేని గీతలు గీయాల్సి వచ్చింది. మతబడి పిల్లలకు పాఠ్యపుస్తకాలు అరువివ్వొచ్చు, మ్యాపులు ఇవ్వకూడదు. బడికి తీసుకెళ్లే బస్సుకు డబ్బివ్వొచ్చు, బడి నుంచి మ్యూజియం చూపించడానికి తీసుకెళ్లే బస్సుకు ఇవ్వకూడదు.

అన్నిటికన్నా వింత న్యూయార్క్‌లో జరిగింది. పేద పిల్లలు చదువులో వెనకబడితే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులతో వాళ్లకు అదనంగా పాఠాలు చెప్పే పథకం ఒకటుంది. ఆ పథకం కింద సర్కారు టీచర్లు కేథలిక్ బళ్లలోకి వెళ్లి లెక్కలు, చదవడం నేర్పేవారు. 1985లో కోర్టు ఆ టీచర్లు ఆ గడప తొక్కకూడదంది. అప్పుడు నగరం ఏం చేసిందంటే, తరగతి గదుల్లా మార్చిన వ్యాన్లను అద్దెకు తెచ్చి బడి బయట రోడ్డు వార నిలబెట్టింది. అవే పిల్లలు, అవే టీచర్లు, అవే లెక్కలు. బడిలోంచి పిల్లలు బయటికొచ్చి వ్యానెక్కి పాఠం విని మళ్లీ లోపలికి వెళ్లేవారు. వ్యాన్లకూ అద్దె స్థలాలకూ కంప్యూటర్లకూ రవాణాకూ కలిపి 1986-87 నుంచి 1993-94 దాకా పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. పిల్లల చదువుకు ఉపయోగపడాల్సిన డబ్బు అది. 1997లో కోర్టు 5-4తో తన పాత తీర్పును తానే రద్దు చేసుకుంది. గోడను కాపాడాలనుకునేవాళ్లు కూడా ఆ పన్నెండేళ్లను సమర్థించడం కష్టం.

2002లో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ వోచర్ల (బడి ఫీజు కింద ప్రభుత్వమిచ్చే చీటీల) కేసుతో అసలు మలుపు వచ్చింది. అక్కడి సర్కారు బళ్లు ఎంత దిగజారాయంటే ఫెడరల్ కోర్టే వాటి నిర్వహణను రాష్ట్రం చేతిలో పెట్టమంది. పేద కుటుంబాలకు ఏడాదికి 2,250 డాలర్ల దాకా వోచర్ ఇచ్చి, నచ్చిన బడిలో చేర్చుకోమన్నారు. పథకంలో చేరిన 56 ప్రైవేటు బళ్లలో 46 మతబళ్లే. వోచర్ తీసుకున్న పిల్లల్లో 96 శాతం మంది వాటిలోనే చేరారు. అయినా చెల్లుతుందని 5-4తో తీర్పు. ప్రభుత్వం డబ్బిచ్చింది తల్లిదండ్రులకు, ఆ డబ్బు చర్చి బడికి వెళ్లింది వాళ్ల ఎంపిక వల్ల, కాబట్టి ప్రభుత్వం మతాన్ని పోషించినట్టు కాదన్నారు చీఫ్ జస్టిస్ రెన్‌క్విస్ట్.

ఈ వాదనలో బలం లేకపోలేదు. పిల్లల్ని ఏ బడికి పంపాలో నిర్ణయించే హక్కు తల్లిదండ్రులదని 1925లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మతబడికి పంపే పేద కుటుంబం ఇటు పన్నూ కడుతుంది, అటు ఫీజూ కడుతుంది. పెద్ద నగరాల్లో సర్కారు బళ్లు చేతులెత్తేసిన పేటల్లో చాలా కేథలిక్ బళ్లు తమ మతం కాని పిల్లలకు కూడా చదువు చెప్పాయి. క్లీవ్‌లాండ్ తల్లికి రాజ్యాంగ సిద్ధాంతం కన్నా తన కొడుకు చదవడం నేర్చుకోవడమే ముఖ్యం. ఆమెను తప్పు పట్టడానికి ఎవరికీ అర్హత లేదు.

కానీ ‘డబ్బు తల్లిదండ్రుల చేతుల మీదుగా వెళ్లింది కాబట్టి ప్రభుత్వానికి సంబంధం లేదు’ అన్న మాటను అమెరికా ఇంకో సందర్భంలో విని, తిరస్కరించింది. నల్లజాతి పిల్లల్ని తెల్లవాళ్లతో కలిపి చదివించాలని 1954లో తీర్పు వచ్చాక, వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ 1959లో తన పబ్లిక్ బళ్లన్నీ మూసేసింది. తెల్ల పిల్లలకు ప్రైవేటు అకాడమీ ఒకటి వెలిసింది. ఆ ఫీజులకు రాష్ట్రం, కౌంటీ తల్లిదండ్రులకు ట్యూషన్ గ్రాంట్లు ఇచ్చాయి. నల్లజాతి పిల్లలు ఏళ్ల తరబడి బడి లేకుండా ఉండిపోయారు. బళ్లు మూసి ఉండగా ఆ గ్రాంట్లు చెల్లవని, బళ్లు తెరవాల్సిందేనని 1964లో సుప్రీంకోర్టు చెప్పింది. 1973లో మిసిసిపీ విషయంలో మరో అడుగు వేసింది: జాతి వివక్ష పాటించే ప్రైవేటు బళ్ల పిల్లలకు సర్కారు పాఠ్యపుస్తకాలు కూడా ఇవ్వకూడదు. మతబళ్ల పిల్లలకు అవే పుస్తకాలు ఇవ్వొచ్చని అంతకు అయిదేళ్ల ముందే ఒప్పుకున్న కోర్టు ఇది. పుస్తకం ఒకటే, తేడా ఆ బడి తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్నదాంట్లో ఉంది. జాతి విషయంలో అంత స్పష్టంగా చూసిన కళ్లు, మతం విషయానికి వచ్చేసరికి తలుపు వంక చూడటం మానేశాయి.

తర్వాతి మూడు తీర్పులు వరసగా వచ్చాయి. మిసోరీలో ట్రినిటీ లూథరన్ చర్చి వాళ్ల చిన్నపిల్లల బడి ఆటస్థలంలో గులకరాళ్లు తీసేసి, పాత టైర్ల రబ్బరు పరుపించుకోవడానికి రాష్ట్ర గ్రాంటు కోరింది. 44 దరఖాస్తుల్లో అయిదో ర్యాంకు, ఇచ్చినవి 14 గ్రాంట్లు, అయినా చర్చి అన్న కారణంతో ఇవ్వలేదు. 2017లో 7-2తో చర్చి గెలిచింది. పిల్లల మోకాళ్లు చెక్కుకుపోకుండా వేసే రబ్బరుకు మతం ఏమిటన్నది సూటి ప్రశ్నే. 2020లో మోంటానా స్కాలర్‌షిప్పుల కేసులో, మతబళ్లకు సాయం మీద ఆ రాష్ట్ర రాజ్యాంగంలో ఉన్న నిషేధం పక్కకు పోయింది. 2022లో మెయిన్. ఆటస్థలం రబ్బరుతో మొదలైన బండి అయిదేళ్లలో తరగతి గదిలోని బైబిల్ పాఠం దాకా వెళ్లింది. చర్చినీ రాజ్యాన్నీ విడిగా ఉంచడమే రాజ్యాంగ ఉల్లంఘన అయ్యే చోటికి కోర్టు తీసుకొచ్చిందని జస్టిస్ సోనియా సోటోమేయర్ విభేదిస్తూ రాశారు. ప్రభుత్వ బళ్లు నడుపుతున్నందుకు మతబళ్లకూ అంతే ఇవ్వాలనే రోజు వస్తుందా అని జస్టిస్ స్టీఫెన్ బ్రేయర్ అడిగారు.

మెయిన్ కేసు రికార్డులోకి వెళ్తే విషయం ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. అందులో రెండు బళ్ల పేర్లున్నాయి: బాంగర్ క్రిస్టియన్, టెంపుల్ అకాడమీ. మొదటి దాంట్లో తొమ్మిదో తరగతి సాంఘిక శాస్త్రం లక్ష్యాల్లో ఒకటి, ఇస్లాం బోధనలను దైవవాక్యంతో ఖండించడం. స్వలింగ సంపర్కుల విషయంలో అడ్మిషన్లకూ ఉద్యోగాలకూ రెండు బళ్లూ తమ మత నియమాలే పాటిస్తామని దాచుకోకుండా చెప్పాయి. తమ డబ్బుతో నడుపుకునే బడికి ఆ హక్కు ఉండాలి, అందులో వివాదం లేదు. కానీ ఆ ఊళ్లో ముస్లిం కుటుంబం కట్టే పన్ను కూడా ఆ ఫీజులో కలిసి ఉంటుంది. వాళ్ల బిడ్డ ఆ తరగతిలో కూర్చోవాలంటే తన ఇంటి విశ్వాసం తప్పని ఒప్పుకునే పాఠం చదవాలి. హైస్కూలు లేని ఊళ్లో ఎంపిక అనే మాటకు ఎంత అర్థం మిగులుతుంది?

తీర్పు రావడానికి ముందే మెయిన్ శాసనసభ ఈ ప్రమాదాన్ని పసిగట్టింది. ప్రభుత్వ ఫీజు తీసుకునే ఏ బడీ లైంగికత, జెండర్ ఆధారంగా వివక్ష చూపకూడదని 2021లోనే మానవ హక్కుల చట్టాన్ని సవరించింది. డబ్బు కావాలంటే ఇస్తాం, ఈ నియమం అందరితో పాటు మీకూ వర్తిస్తుంది అన్నమాట. సుప్రీంకోర్టు కేసులో పేరున్న బాంగర్ క్రిస్టియన్ ఆ షరతుకు ఒప్పుకోక డబ్బు వద్దనుకుంది. మొదట్లో పథకంలో చేరిన మతబడి పోర్ట్‌లాండ్‌లోని షెవెరస్ అనే కేథలిక్ హైస్కూలు. షరతే మతస్వేచ్ఛకు విరుద్ధమంటూ మళ్లీ దావాలు పడ్డాయి, 2024లో ఫెడరల్ జిల్లా కోర్టు షరతును ఆపడానికి నిరాకరించింది.  కార్సన్ తీర్పు కన్నా ఈ తగవు ఫలితమే బళ్ల మీద ఎక్కువ ప్రభావం చూపుతుంది.

టీచర్ల సంగతీ ఉంది. మతబళ్లలో మతబోధనలో పాలుపంచుకునే టీచర్లకు ఉద్యోగ వివక్ష చట్టాలు వర్తించవని 2012లో, ఇంకా గట్టిగా 2020లో, సుప్రీంకోర్టు చెప్పింది. జబ్బు చేసిందని తీసేశారన్నా, వయసు మళ్లిందని తీసేశారన్నా కోర్టు తలుపు తట్టే దారి వాళ్లకు లేదు. పన్నుల డబ్బు ఆ బళ్లలోకి పెరుగుతున్న కొద్దీ, ఆ రక్షణ లేని టీచర్ల సంఖ్యా పెరుగుతుంది.

ఇక్కడ భారత రాజ్యాంగంతో పోల్చి చూడటం అవసరం. తెలుగువాళ్లకు ఎయిడెడ్ స్కూలు కొత్త కాదు. గుంటూరు, మచిలీపట్నం లాంటి చోట్ల మిషన్ బళ్లలో సర్కారు జీతం తీసుకునే అయ్యవార్ల దగ్గర అన్ని మతాల, అన్ని కులాల పిల్లలూ చదువుకున్నారు. దీని మూలం 1854లో చార్లెస్ వుడ్ లండన్ నుంచి పంపిన విద్యా ఆదేశపత్రంలో (వుడ్స్ డిస్పాచ్) ఉంది: లౌకిక విద్య బాగా చెబితే చాలు, మతం విషయం అడగకుండా గ్రాంటు ఇవ్వొచ్చు. రాజ్యాంగ నిర్మాతలు ఆ పద్ధతిని ఉంచి, దానికి షరతులు జోడించారు. పూర్తిగా సర్కారు నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ఎయిడ్ తీసుకునే బడిలో మతబోధ ఉండొచ్చు, కానీ పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోకపోతే బలవంతం చేయకూడదు. ఇవి 28వ అధికరణంలో ఉన్నాయి. ఎయిడ్ తీసుకునే సంస్థ కేవలం మతం, జాతి, కులం, భాష కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించకూడదని 29(2) చెబుతుంది. మైనారిటీ యాజమాన్యం అన్న కారణంతో ఎయిడ్ ఇవ్వడంలో వివక్ష చూపకూడదని 30(2) ప్రభుత్వాన్ని కట్టేస్తుంది.

అంటే అమెరికా 2022లో చేరిన చోటికి భారత్ 1950లోనే చేరింది, కానీ ప్రవేశం, మతబోధ విషయంలో పిల్లవాడికి రక్షణ రాసిపెట్టి మరీ చేరింది. ఆ ఏర్పాటులో లోపాలు లేవని కాదు. మైనారిటీ సంస్థలు తమ వాళ్లకు ఎన్ని సీట్లు ఉంచుకోవచ్చన్న దాని మీద సెయింట్ స్టీఫెన్స్, టీఎంఏ పాయ్ కేసుల దాకా కోర్టులు తలమునకలయ్యాయి. 2014లో సుప్రీంకోర్టు ఎయిడ్ తీసుకునే మైనారిటీ బళ్లను కూడా విద్యాహక్కు చట్టం నుంచి మినహాయించింది. ఎయిడ్ వెంట వచ్చే అజమాయిషీ ఎంత బరువో యాజమాన్యాలను అడిగితే చెబుతాయి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సంస్థల విషయంలో తెచ్చిన మార్పులు ఎంత అలజడి రేపాయో చాలామందికి గుర్తుంది. అయినా మౌలికమైన ఒప్పందం సరైనదే: ప్రజల డబ్బు తీసుకున్న బడి ప్రజలందరి పిల్లలకూ జవాబుదారీ.

అమెరికాలో గాలి దానికి ఎదురుగా వీస్తోంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్ 2025లో వంద కోట్ల డాలర్లతో ప్రైవేటు బడి ఖర్చులకు ఖాతాల్లో సొమ్ము వేసే పథకం తెచ్చింది. ఏడాదికి ఒక్కో పిల్లవాడికి సుమారు 10 వేల డాలర్లు. అందులో చేరే బడి తన మత విశ్వాసాలను గానీ, అడ్మిషన్ నియమాలను గానీ మార్చుకోవాల్సిన పని లేదని చట్టంలోనే రాశారు. అదే ఏడాది జూలైలో వచ్చిన ఫెడరల్ చట్టం ప్రకారం, 2027 జనవరి 1 నుంచి స్కాలర్‌షిప్ సంస్థలకు విరాళం ఇచ్చేవారికి 1,700 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది. అందులో చేరాలా వద్దా అన్నది రాష్ట్రాల ఇష్టం.

ఓక్లహోమా ఇంకా ముందుకు వెళ్లబోయి ఆగింది. సెయింట్ ఇసిడోర్ పేరుతో ఒక ఆన్‌లైన్ కేథలిక్ చార్టర్ స్కూలుకు 2023లో అక్కడి బోర్డు 3-2తో అనుమతి ఇచ్చింది. చార్టర్ స్కూలంటే ప్రభుత్వ నిధులతో, ఫీజు లేకుండా, ప్రైవేటు నిర్వహణలో నడిచే బడి. చట్టం దాన్ని పబ్లిక్ స్కూలుగానే చూస్తుంది. ఇక్కడ వోచరూ లేదు, తల్లిదండ్రుల చేయీ లేదు, ఖజానా నుంచి నేరుగా మతబడికి సొమ్ము. దీన్ని కోర్టులో సవాలు చేసింది రాష్ట్ర అటార్నీ జనరల్ జెంట్నర్ డ్రమండ్, ఆయన రిపబ్లికన్. ఈ తలుపు తెరిస్తే రేపు ప్రతి మతానికీ తెరవాలన్నది ఆయన మాట. రాష్ట్ర సుప్రీంకోర్టు 2024లో చెల్లదంది. కేసు అమెరికా సుప్రీంకోర్టుకు వెళ్తే, జస్టిస్ ఏమీ కోనీ బారెట్ తప్పుకోవడంతో మిగిలిన ఎనిమిదిమంది 2025 మే 22న 4-4గా చీలిపోయారు. కారణాలు ఒక్క ముక్క కూడా రాయలేదు. సమానంగా చీలితే కింది కోర్టు తీర్పే నిలుస్తుంది కాబట్టి ఓక్లహోమాలో ఆ బడి తెరుచుకోలేదు. మిగతా దేశానికి ఇది కట్టుబడి ఉండాల్సిన తీర్పు కాదు. తొమ్మిదిమందీ కూర్చునే కేసు ఇంకో రాష్ట్రం నుంచి వచ్చినప్పుడు, చార్టర్ స్కూలు ప్రభుత్వమా, ప్రైవేటా అని తేల్చాలి. ప్రైవేటేనని తేలితే మతబళ్లకు దారి తెరుచుకోవడంతో పాటు, ఇప్పుడు చార్టర్ బళ్లలో ఉన్న లక్షలాది పిల్లలకూ టీచర్లకూ పబ్లిక్ స్కూలు అన్న హోదా వల్ల దక్కుతున్న రాజ్యాంగ రక్షణలు ప్రశ్నలో పడతాయి.